ఎవరో కొన్న పది షేర్లు

తమ్ముడు నూకరాజు చెక్కు మీద ఇరవై లక్షలు రాసి, సంతకం మాత్రం చెయ్యకుండా గోల్‌బజార్‌లోని అక్క ఎండు చేపల దుకాణానికి పట్టుకొచ్చాడంటే దాలమ్మకు లోపల గర్వంగానే ఉంది. రిటైరైన మనిషి, సొంత డబ్బు. అయినా అక్కను అడక్కుండా పెన్ను తియ్యలేదు.

వెంట సిరిల్ వచ్చాడు. వర్క్‌షాపులో రైలు చక్రాల విభాగంలో ఇద్దరూ ముప్పై ఏళ్లు ఒకే బెంచీ మీద టిఫిన్ డబ్బాలు విప్పినవాళ్లు. ఈ బెంగాలీ రైల్వే ఊళ్లో వాళ్లుండే ట్రాఫిక్ కాలనీలో అంతకు మించిన పూచీ లేదు. అలాంటివాడు తెచ్చిన కాగితాన్ని తిప్పి చూడడమే అవమానం కింద లెక్క.

దాలమ్మ తిప్పి చూసింది.

"ఏటిరా ఇది?"

"బాండు అప్పా. ఏడాదికి నూటికి పద్దెనిమిది ఇస్తారట. సిరిల్ నాలుగు లక్షలు ఎట్టినాడు."

"సెక్యూరిటీ అని పైనే అచ్చేసినారు, దీదీ," అన్నాడు సిరిల్.

ఎండు చేపల బుట్ట దిగితే దాలమ్మ పైవరస చూడదు. అడుక్కి చెయ్యి పోనిచ్చి ఒకటి లాగి విరుస్తుంది. ఇప్పుడూ అదే చేసింది.

"రేపు నాకు డబ్బు కావాలి. దీన్ని ఎవరికి అమ్మాలి?"

"ఐదేళ్లయ్యాక కంపెనీయే ఇచ్చేస్తాది, దీదీ."

"ఇయ్యకపోతే? ఏ బజార్లో దీని ధర పలుకుతున్నాది, సెప్పు?"

సిరిల్ ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకుని మళ్లీ చదవసాగాడు.

దాలమ్మ చేతులు తుడుచుకుని ఫోను తీసింది. ఆమె దగ్గర ఒక మందుల కంపెనీ షేర్లున్నాయి. వాళ్ల కళ్లెదుటే పది అమ్మకానికి పెట్టింది. అర నిమిషంలో పోయాయి.

"ఎవరు కొన్నారప్పా?"

"నాకేటి తెలుసు? పూనా వాడో, పాట్నా వాడో. నా మొహం సూడలేదు, నా సేపల వాసన సూడలేదు. రేపటికి డబ్బు పడతాది."

నూకరాజు తెర మీదికి వంగాడు. "నూట నలభై నష్టం కదే!"

"ఔనురా, ధర పడింది. పడ్డానికి దీనికో ధర ఉన్నాది. నీ కాగితానికి అదీ లేదు. షేరంటే వాళ్ల యాపారంలో నాకో పిసరు వాటా. సర్కారు బాండంటే సర్కారు నాకు బాకీ. ఏదైనా, ముక్కూ మొహం తెలీనోడు కూడా కొంటేనే అది సరుకు. నువ్వు కొంటున్నది సిరిల్ మొహం."

నూకరాజు చెక్కు మడిచి జేబులో పెట్టుకున్నాడు. సిరిల్ మొహం మాత్రం పాలిపోయింది.

"మరి నా నాలుగు లక్షలు, దీదీ?"

"వస్తాయని నేను సెప్పను. అడగడానికి మాత్రం ఇయ్యాలే ఎల్దాం. రసీదులు పట్టుకో."

"దుకాణం?"

"నేను కూర్సుంటాను," అన్నాడు నూకరాజు.

దాలమ్మ ఆగి చూసింది. అక్కకు గోల్‌బజార్‌లో వ్యాపారమని చెప్పేవాడే తప్ప, ఏం వ్యాపారమో వర్క్‌షాపులో ఎన్నడూ నోరు విప్పనివాడు చొక్కా చేతులు మడిచి చేపల బుట్టల మధ్య చెక్క పలక మీద కూర్చున్నాడు.

నాలుగు దుకాణాలు దాటేసరికి ఎవరో బెంగాలీ ఆవిడ దాలమ్మ ఏదని అడగడం వినిపించింది. వెనకే తమ్ముడి గొంతు, బజారంతా వినేలా: "మా అప్ప కంపెనీవాళ్లను నిలదియ్యడానికి ఎల్లింది, దీదీ!"

దాలమ్మ వెనక్కి తిరగలేదు. నడక మాత్రం పెంచింది.