సాక్ష్యాల వేళ ఉగ్గాని

“దేవుడు ఒక్కొక్కర్ని ఒక్కో తీరుగా వాడుకుంటాడు సరళా,” అన్నాడు మా ఆయన, నేను ఆయన తెల్లచొక్కాకు ఇస్త్రీ చేస్తుంటే. “పేతురు చేపలు పట్టేటోడు. పౌలు సదువుకున్నోడు. మన మారెక్క మేకలు కాసేది. ఈ శుక్రవారం ఆడోళ్ళ ప్రార్థనలో వాక్యం ఆయమ్మనే చెప్పమన్నా.”

“మరి నన్ను?”

“నీ చేతి ఉగ్గాని కోసరమే సగం మంది వస్తాండారు. అదేమన్నా చిన్న పరిచర్యనా?”

మెచ్చుకున్నాననే అనుకున్నాడు పాస్టర్ శశికుమార్ గారు. నాకు ఒళ్ళు మండింది. బైబిల్ ట్రైనింగ్ ఆయనతో సమానంగా చదివినదాన్ని. నల్లమాడ సంఘానికి వచ్చినప్పటి నుంచి చర్చి ఊడ్చేది నేను, చాపలు పరిచేది నేను, పిల్లలకు పాటలు నేర్పేది నేను. ఆదివారం వాక్యం ముగిశాక, దేవుడు తమకు చేసిన మేలు గురించి ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెప్తారు. సరిగ్గా అప్పుడే నేను వెనక వంటగదిలో ఉగ్గానికి పోపు పెట్టి బొరుగులు నానేయాలి. దూరం నుంచి వచ్చినవాళ్ళు ఆకలితో పోకూడదని ఆయన పెట్టిన ఆనవాయితీ అది. ఆనవాయితీ ఆయనది, ఉల్లిగడ్డలు నావి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నేను సాక్ష్యం చెప్పలేదు. చెప్పవా అని అడిగినవాళ్ళూ లేరు.

మారెక్క మొదటిసారి మా గడప తొక్కింది మేకకు జబ్బు చేసి. ఆ రోజు ఆయన ఊళ్ళో లేడు. మేక తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది నేనే. మేక లేచి మేతకు పోయింది. సాక్ష్యం చెప్పిన ప్రతిసారీ మారెక్క “యేసయ్య బతికించినాడు” అంటుంది. కాదని ఎట్లా అంటాను? చదువు రాదు, పేతురూ పౌలూ అన్నదమ్ములంటుంది. అయినా శనక్కాయ పీకే చేలల్లో ఆమె మాట విని కొత్త ఆడవాళ్ళు చర్చికి వస్తున్నారు. మా ఆయన ఆమె సాక్ష్యాన్ని ఫోన్లో తీసి గ్రూపులో పెట్టాడు. దాన్ని చూసినప్పుడల్లా నాకు కుళ్ళు. దాచుకునేదేముంది, శుక్రవారం నాడు ఆమె తడబడాలని మోకాళ్ళ మీద పడి ప్రార్థన కూడా చేశాను.

ఆమె తడబడలేదు. బావి దగ్గర యేసును కలిసిన సమరయ స్త్రీ కథ ఎత్తుకుంది. మా ఆయన ఆ కథ చెప్తే ఆ స్త్రీ ఐదుగురు మొగుళ్ళ దగ్గరే అరగంట ఆగుతాడు. మారెక్క మొగుళ్ళ ఊసే ఎత్తలేదు.

“ఆయమ్మ నీళ్ళకొచ్చిందిమే. యేసయ్యతో మాట్లాడినంక కడవ ఆడనే ఇడిసిపెట్టి, చెప్పల్లని ఊర్లేకి ఉరికింది. ఇంట్లో దప్పికైనోళ్ళు అరిసింటారు. అరిస్తే అరవనీ అనుకునింది. మనమెవురన్నా ఒగ దినమన్నా కడవ ఇడిసినామా?”

ఆడవాళ్ళంతా ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ కథ మీద నేను పరీక్ష రాశాను. మొగుళ్ళ లెక్క గుర్తుంది గానీ కడవ గుర్తులేదు. నాకు కనబడాల్సిన కడవ ఆమెకు కనబడిందని ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆదివారం పొయ్యి మీద ఉల్లిగడ్డలు మగ్గుతున్నాయి. బొరుగులు నీళ్ళలో వేశాను. వెంటనే పిండకపోతే ముద్దయిపోతాయి. లోపల్నుంచి మా ఆయన గొంతు వినబడింది: “సాక్ష్యాలు చెప్పేటోళ్ళు లేయండి.”

గరిటె పక్కన పెట్టి, పసుపు చేతులతోనే చర్చిలోకి నడిచి అందరి ముందూ నిలబడ్డాను.

“ఏం సరళా, అయిపాయనా ఉగ్గాని?” అన్నాడాయన.

“లేదు. సాక్ష్యం చెప్పల్ల.”

“ఇప్పుడా? పోపు మాడిపోదా?”

“నేను పోయి చూస్తా అమ్మగారూ,” అని మారెక్క లేవబోయింది. ఆమె భుజం పట్టి కూర్చోబెట్టాను.

“నువ్వు యాడికీ పోవద్దు మారెక్కా. నీ మీద కుళ్ళుతోనే లేసినా. నువ్వు ఇనల్ల.”

తర్వాత మా ఆయన వైపు తిరిగాను.

“అయ్యగారూ, ఈ పొద్దు దేవుడు మిమ్మల్ని పొయ్యికాడ వాడుకుంటాడు. పోయి దించండి.”