పద్నాలుగో ట్యాంకులో నెయ్యి వాసన

వేడినీళ్ళలోంచి తీసిన గ్లాసును ముత్యమ్మ కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంది. నీళ్ళు గాజు మీద ఒకే పొరగా జారాలి. ఎక్కడైనా పొర తెగి చుక్కలు నిలిస్తే అక్కడ జిడ్డు మిగిలిందన్నమాట. ఈ గ్లాసు మీద నీళ్ళు సాఫీగా జారిపోయాయి. దాన్ని తెల్లగుడ్డ మీద బోర్లించి ఇంకోటి అందుకుంది. సబ్బు ముట్టదు. సోడాపొడి కలిపిన నీళ్ళతో ఒకసారి, మంచినీళ్ళతో మూడుసార్లు, అంతే. పొద్దున తొమ్మిది కొట్టేసరికి పద్దెనిమిది గ్లాసులు వరసగా బోర్లించి ఉండాలి, పంతొమ్మిదేళ్ళుగా ఉంటున్నాయి కూడా.

పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వెళ్ళే దారిలో ఉన్న ఆ బీరు ఫ్యాక్టరీలో ల్యాబు సింకు ఆమె రాజ్యం. మనిషి పొట్టి. సింకు అందడానికి కాళ్ళ కింద ఓ చెక్కపీట వేసుకుంటుంది. ఎప్పుడూ నీళ్ళలో నాని వేళ్ళ కొసలు తెల్లగా ముడతలు పడి ఉంటాయి. అంతకుముందు భానూరులో వరినాట్లు వేసేది. ఆ తర్వాత ఇక్కడే సీసాలు కడిగే విభాగంలో రెండేళ్ళు నిలబడింది. ఆమె కడిగిన గ్లాసులో బీరు నురగ చాలాసేపు నిలుస్తోందని ఎవరో కనిపెట్టి ల్యాబుకు మార్చారు. ఆమె జీవితంలో వచ్చిన ఒకే ఒక్క ప్రమోషను అది. జీతం మారలేదు కానీ కూర్చోవడానికి స్టూలు దొరికింది.

బీరు రుచి చూసేవాళ్ళు ఆ రోజు ఉల్లిపాయ తినకూడదు, తలకు నూనె రాసుకోకూడదు, వక్క నమలకూడదు అని గోడ మీద కాగితం అంటించి ఉంటుంది. అవి తాగేవాళ్ళకు పెట్టిన నియమాలు. కడిగే మనిషికి ఎవరూ పెట్టలేదు. ముత్యమ్మ మాత్రం పంతొమ్మిదేళ్ళుగా పాటిస్తోంది. తెల్లాపూర్‌లో అపార్టుమెంట్ల దగ్గర రాత్రి కాపలా కాసి పొద్దున ఇల్లు చేరే మొగుడు కొమురయ్య, ఆమె తల ఎండిన గడ్డిలా కనబడితే చాలు, ఇవాళ మీ గ్లాసులకు పండుగా అని అడుగుతాడు. ఇద్దరూ కలిసి టీ తాగే ఆ పది నిమిషాల్లో అతను రోజూ ఏదో ఒకటి అంటాడు, ఆమె రోజూ నవ్వుతుంది.

ఆ సోమవారం ఆమె ఉద్యోగానికి ఆఖరు రోజు. ఆధార్ కార్డు లెక్కన అరవై నిండాయి. అసలు వయసెంతో ఎవరికీ తెలియదు, కార్డు తీసినాయన ముఖం చూసి వేసిన సంవత్సరం అది. ఇంకాస్త నవ్వుతూ నిలబడి ఉంటే ఇంకో రెండేళ్ళు పనిచేసుకునేదానివి అని కొమురయ్య ఇప్పటికీ దెప్పుతాడు. ఆమెకు దిగులేమీ లేదు. మనసులో ఉన్నది ఒక్కటే, వనజ బీరు ఈ రోజు గట్టెక్కాలి.

వనజ ల్యాబులో కెమిస్టు, ఇంకా ముప్పై దాటని పిల్ల. ఉత్తర ఫ్రాన్సులోని ఓ చిన్న ఊరి నుంచి కంపెనీ ఒక అంబర్ ఏల్ తయారీ విధానం కొనుక్కొచ్చింది. మామూలు బీరు కంటే ముదురు రంగు, వేయించిన బార్లీ రుచి, వెచ్చని చోట పులిసే రకం. దాన్ని ఇక్కడి నీళ్ళతో చేసి చూపించమని వనజకు అప్పగించారు. ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పుడది పద్నాలుగో ట్యాంకులో ఉంది. ఫ్రాన్సు నుంచి వచ్చిన సీసానూ దీన్నీ పక్కపక్కన పెట్టి ఐదుగురు రుచి చూడాలి. రెండూ ఒకటేనంటే రేపు సీసాల్లోకి పోస్తారు. కాదంటే మోరీలోకి పోస్తారు, ఇక ఆ ప్రయత్నమే ఆపేస్తారు. హెడ్డాఫీసు ఈ సంగతి రెండు లైన్లలో రాసి పంపింది. ఆ రెండు లైన్లు వచ్చిన దగ్గర్నుంచి వనజ సరిగ్గా అన్నం తినడం లేదు.

తీరా చూస్తే ఐదుగురు లేరు. అది కార్తీక మాసం. రుచి చూడటంలో శిక్షణ పొందినవాళ్ళు ఏడుగురైతే అందులో ముగ్గురు అయ్యప్ప మాల వేసుకుని నల్లబట్టల్లో ఉన్నారు. మాల వేసుకున్నవాళ్ళకు ఆ నలభై ఒక్క రోజులూ బాయిలర్ వైపు డ్యూటీ వేయడం ఆ ఫ్యాక్టరీలో కాగితం మీద లేని ఒప్పందం. ఇద్దరు కార్తీక సోమవారం ఉపవాసం. మిగిలిన ఇద్దరికి స్టోర్స్ కుమార్‌నూ, ప్రొడక్షన్ మేనేజరు జైపాల్‌నూ కలిపితే నలుగురయ్యారు. చేసిన మనిషి మార్కులు వేయకూడదు కాబట్టి వనజ పనికిరాదు. నాలుగింటిలోపు కాగితాలు వెళ్ళాలి. జైపాల్ ల్యాబంతా కలయజూసి, చివరికి సింకు దగ్గర ఆగాడు.

"ముత్యమ్మా, నువ్వు కల్లు తాగుతవు గద?" అన్నాడు.

ఆదివారం ఆదివారం తాగుతానని ఆమె ఒప్పుకుంది. అయితే కూర్చోమన్నాడు. పంతొమ్మిదేళ్ళలో రుచి చూసే ఆ బల్ల దగ్గర ఆమె కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. కాళ్ళు నేలకు అందలేదు. మార్కుల కాగితంలో ఇంగ్లీషు గడులు నింపడం ఆమెకు రాదు కాబట్టి, బాయిలర్ దగ్గర ఉన్న నరేష్‌ను పిలిపించారు. మాల వేసుకోకముందు ల్యాబులో పెద్ద అతనే. భుజం మీది కండువాతో ముక్కు మూసుకుని గడప అవతలే నిలబడ్డాడు. ఆమె చెప్పింది చెప్పినట్టు అక్కణ్ణుంచే రాస్తానన్నాడు.

ముందు ఫ్రాన్సు సీసా పోశారు. ముత్యమ్మ గ్లాసులో వేలు ముంచి, మూడు చుక్కలు నేల మీద విదిల్చింది. ఎల్లమ్మకు సాక పోయకుండా ఆమె ఎన్నడూ గుటక వేయలేదు. జైపాల్ కనుబొమలు ముడిచాడు. అయితే ఆ నేలను పొద్దున తుడిచిందీ, సాయంత్రం తుడవబోయేదీ ఆమే కాబట్టి ఏమీ అనలేకపోయాడు.

ఆమె కళ్ళు మూసుకుని తాగింది. జహీరాబాద్ దగ్గర ఆమె పుట్టిన ఊళ్ళో చిన్నప్పుడు చెరకు కాలంలో బెల్లం వండేచోట పని చేసింది. అదంతా ఒక్కసారిగా నోట్లోకి వచ్చేసరికి ముఖం విప్పారింది. సంతోషం పట్టలేక కొంచెం గట్టిగానే చెప్పింది.

"పెంక మీద జొన్నరొట్టె అంచు మాడితె వాసనొస్తది సూడు స్వామీ, మొదాలు గది. ఎన్కనుంచి బెల్లం అడుగంటిన తీపి. ఆఖరికి నారింజ తొక్క కొరికినట్టు జెర చేదు. గా చేదు నాలుక మీద కూసుంటది, ఇంకో గుటక తాగుమంటది."

నరేష్ కండువా వెనక నుంచి నవ్వుతూ రాసుకున్నాడు. ఈ మాటలే ఇంగ్లీషులో రాయడానికి తమకు మూడు రోజుల శిక్షణ ఇచ్చారని అన్నాడు.

తర్వాత పద్నాలుగో ట్యాంకు బీరు వచ్చింది. అదే రంగు, పల్చటి పానకం మీద ఎండ పడినట్టు. అదే నురగ. మిగతా నలుగురూ ఒక గుటక వేసి తలలూపారు. కుమార్ అయితే ఫ్రాన్సుదాని కంటే మనదే కమ్మగా ఉందని మార్కులు ఎక్కువేశాడు. జైపాల్ అతనికంటే ఒకటి ఎక్కువే వేశాడు. గాజు తలుపు అవతల నిలబడ్డ వనజ వాళ్ళ ముఖాలు చూసి కొంచెం ఊపిరి పీల్చుకుంది.

ముత్యమ్మ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయింది. జొన్నరొట్టె ఉంది. బెల్లం ఉంది. నారింజ తొక్క కూడా ఉంది. వాటన్నిటి కింద నెయ్యి వాసన వస్తోంది, వెన్న కాచి అప్పుడే దించినట్టు. నెయ్యి అంటే జిడ్డు. జిడ్డు అంటే గ్లాసు సరిగ్గా కడగలేదని. ఇన్నేళ్ళు కడిగి, సరిగ్గా ఆఖరు రోజున, అదీ వనజ బీరు పోసే గ్లాసునే పాడుచేసుకున్నానా అని ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

ఎవరితోనూ చెప్పకుండా కుర్చీ దిగి సింకు దగ్గరికి వెళ్ళింది. ఇంకో గ్లాసు తీసుకుని సోడా నీళ్ళతో రుద్ది, మూడు కాదు, ఐదుసార్లు కడిగింది. వెలుగుకు పెట్టి చూసింది. ఇందులో పొయ్యమని అడిగింది. జైపాల్ గడియారం చూసుకుంటూనే పోయించాడు. మళ్ళీ అదే వాసన. అప్పుడామె మొదటి గ్లాసు వంక చూసింది. అందులో నురగ ఇంకా రెండు వేళ్ళ మందాన నిలబడి ఉంది. జిడ్డున్న గ్లాసులో నురగ నిమిషం కూడా ఆగదు, అది ఆమెకు తెలిసినంతగా ఆ గదిలో ఎవరికీ తెలియదు. తప్పు గ్లాసుది కాదు. ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే తలుపు అవతల ఉన్న వనజ ముఖం కనబడి మళ్ళీ కూలబడింది.

చెప్పకపోతే ఏమవుతుంది? ఐదు కాగితాలూ బాగుందనే వెళ్తాయి. పిల్ల ఈ పూట కడుపునిండా అన్నం తింటుంది. తను సాయంత్రం ఐదున్నరకు వెళ్ళిపోతుంది. కానీ జిడ్డున్న గ్లాసును తెలిసి తెలిసి బల్ల మీద పెట్టడం ఆమెకు చేతకాదు. ఇదీ అలాంటిదే అనిపించింది.

"మంచిగనే ఉన్నది సారు," అంది జైపాల్‌తో. "నెయ్యి ఎవరికి చేదు? కానీ గా సీసల నెయ్యి లేదు. గిండ్ల ఉన్నది. రెండు ఒక్కటి కాదు."

కుమార్ మళ్ళీ వాసన చూసి, అవును, అందుకే తనకు కమ్మగా అనిపించిందని చెప్పాడు. శిక్షణ పొందిన ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందే పసిగట్టి కూడా మేనేజరు ఎదుట వాళ్ళు నోరు మెదపలేదని ఆ చూపులోనే తెలిసిపోయింది. వనజ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. ముఖం పాలిపోయింది.

"నువ్వు గూడ గట్లనే అంటవా పెద్దమ్మా?" అంది.

"నీ బీరుకు తప్పు పెడ్తలేను బిడ్డా. దాని పని ఇంక అయిపోలేదు అంటున్న. పొయ్యి మీదికెల్లి జల్దీ దించినట్టున్నది."

ఆ మాటకు వనజ ఏడవబోయి ఆగిపోయింది. రోజూ అదే బీరు వాసన చూసి చూసి తన ముక్కు మొద్దుబారిపోయిందని ఆమెకు తెలుసు. ట్యాంకు బీరు రెండు చిన్న సీసాల్లో పట్టి, ఒకదాన్ని వేడినీళ్ళలో గంటసేపు ఉంచి, చల్లార్చి మూత తీసింది. ఈసారి వాసన చూడటానికి ఎవరూ వంగాల్సిన పనిలేకపోయింది. గడప అవతల ముక్కు మూసుకున్న నరేష్ కూడా, ఎవరింట్లోనో పూర్ణాలు చేస్తున్నారా అని అడిగాడు. పులిసే పని సగంలో ఆగిపోతే బీరులో ఇలాంటి వాసన దాగి ఉంటుంది. వెచ్చగా ఇంకో మూడు రోజులు వదిలేస్తే, ఆ వాసన పుట్టించిన ఈస్టే దాన్ని తినేస్తుంది. ట్యాంకును తొందరపడి చల్లబరచమన్నది ఎవరని ఒక్కరూ అడగలేదు. జైపాల్ ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఇప్పుడు మోరీ నుంచి ట్యాంకును కాపాడే దారి ఒక్కటే ఉంది. రుచి చూసినవాళ్ళలో ఒకరు పేరు రాసి పసుపు కార్డు కడితే ఏ ట్యాంకునైనా మూడు రోజులు ఆపొచ్చు. హెడ్డాఫీసుకు కూడా దాన్ని కదిపే వీల్లేదు. కార్డు తెచ్చారు. హెడ్డాఫీసు అప్పగించిన పనిని ఆపినట్టు తన పేరు ఎక్కడా కనబడకూడదని జైపాల్‌కు గట్టిగా ఉంది. మిగతావాళ్ళకూ అంతే ఉంది.

"ఎవరు ఆపుమన్నరో వాళ్ళ పేరే రాయాలె. రూలు గదే," అన్నాడు జైపాల్, కార్డును ముత్యమ్మ ముందుకు జరుపుతూ.

ముత్యమ్మ చేతులు చీరకు తుడుచుకుంది. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు మూడే మూడు, తన పేరుకు సరిపడా. నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, మార్కరుతో మెల్లగా రాసింది. తర్వాత వనజతో కలిసి ట్యాంకుల హాలుకు నడిచి, పద్నాలుగో నంబరు వాల్వుకు తన చేత్తోనే కట్టింది. పంతొమ్మిదేళ్ళలో ఆ ట్యాంకుల దాకా రావడమే మొదటిసారి కావడంతో, తలెత్తి పైదాకా చూసి, అమ్మో ఎంతుందో అంది. వనజ చల్లదనం ఆపేసింది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే డబ్బాలోంచి పులిహోర తిన్నారు. వనజ రెండోసారి కూడా వడ్డించుకుంది. అది చూసి ముత్యమ్మ కడుపు నిండింది.

ఐదున్నరకు గేటు దగ్గర గుర్తింపు కార్డు, రబ్బరు బూట్లు అప్పగించి చెప్పులు వేసుకుంది. దండలూ ఉపన్యాసాలూ ఏమీ లేవు. నరేష్ ఓ పొట్లంలో ప్రసాదం తెచ్చిచ్చాడు. వనజ ఆమె చెయ్యి పట్టుకుని, ముడతలు పడ్డ ఆ వేళ్ళ కొసలు నిమురుతూ నిలబడింది.

"ఏడ్వకు బిడ్డా. దుకాణంల దొరికినంక మా ఆయనకో సీస తాగిపిస్త," అంది ముత్యమ్మ. "నెయ్యి లేకుంటెనే."

భానూరు పోయే ఆటో వచ్చింది. నలుగురు కూర్చున్న సీటులో ఐదో మనిషిగా సర్దుకుని కూర్చుంది. తల బయటికి పెట్టి చెయ్యి ఊపింది. ఆటో లారీల వెనక మలుపు తిరిగింది.

వనజ కళ్ళు తుడుచుకుని వేడి ఎంతుందో చూడటానికి పద్నాలుగో ట్యాంకు దగ్గరికి వచ్చింది. కార్డు కింద సన్నటి అక్షరాల్లో ఒక వాక్యం అచ్చై ఉండటం అప్పుడు కనబడింది. కట్టిన మనిషే వచ్చి, మళ్ళీ రుచి చూసి, సంతకం పెట్టి విప్పాలి, ఇంకెవరూ ముట్టుకోరాదు అని. వెనకనే వచ్చిన జైపాల్ కూడా వంగి చదివాడు. రెండుసార్లు చదివాడు.

"గిప్పుడెట్ల?" అన్నాడు.

"గురువారం పొద్దున భానూరుకు మీ కారు పంపాలె సారు," అంది వనజ. "తలకు నూనె రాసుకోవద్దని ముందుగాల్నే కబురు పంపుత."

జైపాల్ ఫోనులో డ్రైవరు నంబరు వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. వాల్వుకు పసుపు కార్డు వేలాడుతోంది. దాని మీద మొదటి అక్షరం గోలీకాయంత, రెండోది దానికంటే పెద్దది. మూడోది చోటు చాలక గీత దాటి, కార్డు అంచు మీద ఇరుక్కుని ఉంది.