లెక్కల పీరియడ్‌లో పాపసంకీర్తనం

ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలంలో ప్రతి శుక్రవారం జమ్మలమడుగులోని సిస్టర్ల బడిలో క్యాథలిక్ పిల్లలను, ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి చర్చిలోకి పంపేవారు. తక్కినవాళ్లు తరగతిలోనే కూర్చోవాలి. ఆ శుక్రవారం సరిగ్గా అదే పీరియడ్‌లో రత్నమణి టీచర్ ఎనిమిదో తరగతికి లెక్కల పరీక్ష పెట్టింది.

అనురాధ వాళ్లది పెద్దముడియంలో గొర్రెలు మేపుకునే ఇల్లు. పాపసంకీర్తనం ఎట్లా చేస్తారో ఆమెకు తెలియదు. బీజగణితమూ తెలియదు. రెండింటిలో మొదటిదే నయమనిపించి, స్నేహితురాలు జ్యోతి వెనకాలే వరుసలో దూరిపోయింది.

"నువ్వు యాడికి వస్తాండావే?" జ్యోతి గుసగుసగా అడిగింది.

"పాపాలు చెప్పనీకి. ఎన్ని చెప్పాల?"

"చేసినన్ని."

"ఊరికే, సుమారుగా చెప్పు."

"మూడన్నా ఉండాల."

జ్యోతి చెప్పి లేచాక అనురాధ వంతు వచ్చింది. మోకరించింది. చెక్క జాలీ అవతల ఫాదర్ రాయప్ప చెవి ఒక్కటే కనిపిస్తోంది. ఆ చెవిని చూడగానే అనుకున్నవన్నీ మరిచిపోయింది. ఇంట్లో రోజూ అవ్వ చేసే పనే నోటికొచ్చింది.

"కోడల్ని తిట్టినా ఫాదర్."

చెవి జాలీకి ఇంకాస్త దగ్గరికొచ్చింది.

"ఎన్నో తరగతి పాపా నువ్వు?"

"ఎనిమిది."

"మరి కోడలు?"

"అది మా అవ్వ పాపం ఫాదర్."

"అవ్వ సంగతి అవ్వ చూసుకుంటది. నీదేంది?"

"ఆడ లెక్కల పరీక్ష జరుగుతాంది. నేను ఈడుండా."

ఫాదర్ చాలాసేపు దగ్గాడు. నవ్వు ఆపుకోలేక వచ్చిన దగ్గు అది.

"బాప్తిస్మం అయిందా నీకు?"

"లేదు ఫాదర్. పుట్టెంట్రుకలు తీసినారు."

"అట్లయితే పాపవిమోచనం ఇయ్యలేను గానీ దీవెన ఇస్తా. ఇట్లనే పోయి టీచర్‌కు నిజం చెప్పి, పరీక్ష రాయి. అదే ప్రాయశ్చిత్తం."

"అందరికీ మూడు జపాలే అంట కదా! నాకూ అవే ఇయ్యండి ఫాదర్, రాత్రికి నేర్చుకుంటా."

"బేరాల్లేవు. పో."

కాళ్లీడ్చుకుంటూ తరగతికి వెళ్లింది. రత్నమణి టీచర్ కళ్లజోడు మీదుగా చూసింది.

"యాడికి పోయినావు?"

"పాపాలు చెప్పనీకి టీచర్."

"ఏం పాపం చేసినావు?"

"ఈ పరీక్ష ఎగ్గొట్టినా."

పిల్లలు పగలబడి నవ్వారు. టీచర్‌కూ నవ్వొచ్చింది కానీ పెదవులు బిగించి ప్రశ్నపత్రం చేతిలో పెట్టింది. ఇంకా ఇరవై నిమిషాలుంది. అనురాధ రెండు లెక్కలు చేసింది, మూడోదాన్ని చూసి దండం పెట్టింది. పాతికకు ఏడు వచ్చాయి. అయినా ఎందుకో మనసు తేలికగానే ఉంది.

సాయంత్రం బడి గేటు దగ్గర జ్యోతి పట్టుకుంది. "నాకు మూడు జపాలు ఇచ్చినాడు. నీకేమిచ్చినాడే?"

"లెక్కల పరీక్ష."

జ్యోతి నోరు తెరిచింది. "అమ్మో! అంత పెద్ద పాపం ఏం చేసినావే?"

పెద్దముడియం బస్సు కదిలిపోతోందని అనురాధ పరుగు తీసింది.