ఔజార్

ఆ కాగితం చదివింది నేనే. ఊళ్ళో పద్దెనిమిది మంది మగవాళ్ళు నా మాట నమ్మి దాని మీద వేలిముద్ర వేశారు.

మా వెదురుపాక కొంటాకు పైన, శబరి ఒడ్డున ఉంటుంది. వానాకాలం ఏరు పొంగితే సగం చేలు ఇసుకమేట పడతాయి. మేమే కట్ట పోసుకుంటాం, పారలూ గడ్డపారలూ ఇప్పించండని రెండేళ్ళుగా సర్కారుకు అర్జీలు పెడుతున్నాం. ఆ వేసవిలో మున్షీ భూషణం ఒక కాగితం తెచ్చాడు. అతను మా ఊరివాడు కాదు. గనుల కాంట్రాక్టరు దగ్గర పని. ఇనపరాయి కోసం మా వెనక గుట్ట మీద సర్వే రాళ్ళు పాతించింది అతనే. కాగితం హిందీలో ఉంది. హిందీ మాట్లాడేవాళ్ళు మా ఊళ్ళో చాలామందే, చదివేది మాత్రం నేనొక్కదాన్ని. అదీ ఆరో తరగతి దాకా. ఆ ఏడు మా బడిలో బలగాలు దిగాయి, బెంచీలు బయట పడ్డాయి, నా చదువు అక్కడితో సరి.

పైన పెద్ద అక్షరాలతో "గ్రామ సురక్షా హేతు ఔజార్ వితరణ్" అని ఉంది. ఔజార్ అంటే పనిముట్లు. మా ఐదో తరగతి పాఠంలో వడ్రంగి బొమ్మ ఉండేది, పక్కన రంపం, ఉలి, బాడిస, కింద ఇదే మాట. వితరణ్ అంటే పంచడం, సురక్ష అంటే కాపుదల. ఏటి ఒడ్డు ఊరికి కాపుదల అంటే కట్టే గదా అనుకున్నాను.

"పారలిస్తాండ్రు మామా" అని ఊరిపెద్ద ముసలయ్యకు చెప్పాను. ముందుగా వేలు చాపింది ఆయనే. రెండోవాడు నా భర్త లచ్చు.

నేను చదువుతున్నంతసేపూ భూషణం నా మొహమే చూస్తున్నాడు. తప్పు అర్థం చెబుతున్నానని అతనికి తెలుసు. నోరు విప్పలేదు.

నాలుగో రోజు పొద్దున లారీ వచ్చింది, వెనక జీపులో పోలీసులు. మా అత్త, మాసే ఆమె పేరు, పిడి విరిగిన పాత పార పట్టుకుని ఎదురువెళ్ళింది, కొత్త పిడి దీనికి సరిపోతుందేమో చూసుకుందామని. చెక్కపెట్టె మూత లేచింది. లోపల వరుసగా తుపాకులు.

ముసలయ్య వంగి చూశాడు. "మున్షీ, గీటితోని కట్ట ఎట్ల పోస్తరయ్యా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే ఒక జవాను తుపాకి మడమతో ఆయన్ని దవడ మీద కొట్టాడు. డెబ్బై ఏళ్ళ మనిషి లారీ చక్రం పక్కన కూలబడ్డాడు. అరచేతిలోకి ఒక పన్ను ఉమ్ముకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. మేమంతా నిలబడే ఉన్నాం. ఒక్కరమూ కదల్లేదు. ఇప్పటికీ నాకు సిగ్గేసేది దానికే.

"కంగారెందుకు?" అన్నాడు భూషణం. "గట్టుగూడెం వాళ్ళు సర్వే రాళ్ళు పీకేశారు. అడవిలో తిరిగే దళాలకి కూడు పెడుతున్నారు. రేపు మీ మీదికొస్తారు. మీ ఊరిని మీరే కాపాడుకోండి, ఆయుధం సర్కారు ఇస్తుంది."

"మాకు గట్టుగూడెంతోని పగ లేదు. అది మా ఆడదాని పుట్టినూరు" అన్నాడు లచ్చు.

"మరీ మంచిది. దారులన్నీ తెలుసన్నమాట." భూషణం అందరి వైపూ తిరిగాడు. "తూర్పు బెంగాలు వాళ్ళు తిరగబడితే మన దేశం తుపాకులివ్వలేదా? వాళ్ళకి ఏకంగా దేశమే వచ్చింది. పరాయివాళ్ళకే ఇచ్చిన సర్కారు సొంత బిడ్డలకివ్వదా? వేలిముద్ర వేసి కూడా రానివాడు అవతలి పక్షమని రాసుకుంటాం."

ముసలయ్యను వదిలేసి మిగిలిన పదిహేడు మందినీ లారీ ఎక్కించి పోలీసు శిబిరానికి తీసుకుపోయారు. లచ్చు నన్ను చూడలేదు. నా చంకలోని బిడ్డ వైపు చూశాడు. దానికి అప్పటికి ఏడో నెల.

తరువాత ఊరు ఊరులా లేదు. కుక్క మొరిగితే చాలు, పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళు లేచి బయటికి వచ్చేవాళ్ళు. బోరింగు దగ్గర నేను బిందె పెడితే మాటలు ఆగిపోయేవి. శిబిరానికి పోయినవాళ్ళలో ఒకడైన సోమారు పెళ్ళాం లక్మే ఒక్కతే మాట్లాడింది. "చదువుల దొరసానీ, నా మొగుడు ఎన్నడొస్తడో గూడ చదివి చెప్పరాదే."  బిందె సగమే నింపుకుని వచ్చేశాను.

బుధవారం దాసుబాబు ఏరు దాటి వచ్చాడు. ఆయన అవతలి ఒడ్డున, మల్కనగిరి వైపు శరణార్థుల పల్లెలో ఉండే తూర్పు బెంగాలు మనిషి. సైకిలుకు మందుల సంచి కట్టుకుని ఊరూరా వైద్యం చేస్తాడు. ఆ దెబ్బకు చీలి ఇంకా మానని ముసలయ్య పెదవికి కుట్లు వేస్తుంటే ఆడవాళ్ళం చుట్టూ చేరాం.

మా అత్త అడిగింది. "బాబూ, మీ దేశపోల్లకు మన సర్కారు తుపాకులిచ్చిందంట. నిజమేనా?"

"నిజమే. మా అన్నకిచ్చిన్రు. ఇయ్యకుంటే మా ఊరు మిగిలేది కాదు. అబద్ధం ఎందుకు చెప్పాలె?"

"ఇగ చూడు" అంది లక్మే. "మున్షీ మాట నిజమేనాయె. తీసుకుంటే తప్పేంది? అడివిలోల్లకు మాత్రం లేవా తుపాకులు? ఆళ్ళొస్తే చీపురు పట్టుకోని నిలబడతమా?"

దాసుబాబు దారం కొరికి సూది సంచిలో పెట్టుకున్నాడు. "మా అన్న అడిగి తీసుకున్నడమ్మా. మా నేల మీదికి పరాయి ఫౌజు వచ్చింది. ఎవరి మీద కాల్చాలో మా అన్నకే తెలుసు, ఇంకోడు చెప్పలే. మీరేం అడిగిన్రు?"

"పారలు" అన్నాను నేను.

"లడాయి అయినంక ఆ తుపాకేమైంది?" మా అత్త వదల్లేదు.

ఆయన సంచి మూతి బిగించాడు. "ఇచ్చినోళ్ళు వాపస్ అడిగిన్రు. కొన్ని పోయినయ్, కొన్ని ఇండ్లల్ల మిగిలినయ్. మా అన్నది మిగిలింది. మూడేండ్లకు పొలం గట్టు తగాదా వచ్చి, మా చిన్నాయన కొడుకు దానితోనే సచ్చిండు. నేను ఇటు వచ్చింది అప్పుడే."

ముసలయ్య వాచిన దవడతో మెల్లగా అడిగాడు. "ఇచ్చినోడు ఏడున్నడు అప్పటికి?"

"ఆళ్ళింట్ల."

 గాలి గుట్ట వైపు నుంచి వస్తోంది. అక్కడ యంత్రంతో రాయికి చిల్లులు వేస్తున్న చప్పుడు.

"అడివిలోల్ల మాట ఆళ్ళొచ్చిన్నాడు ఆళ్ళతోనే మాట్లాడుదం" అంది మా అత్త. "మన మొగోళ్ళను మాత్రం గట్టుగూడెం మీదికి తోల్తాండ్రు. ఆడ నీ చెల్లె లేదా లక్మే? నా కోడలి తల్లి లేదా?"

"తప్పు నాది" అన్నాను. "కలెక్టరుకు అర్జీ రాస్త."

"ఇంకో కాగితమా కోడలా?" అన్నాడు ముసలయ్య. కుట్లు నొప్పి పెడుతున్నా నవ్వాడు. అందరూ నవ్వారు. నాతో మళ్ళీ మాట్లాడడం మొదలుపెట్టింది అప్పుడే.

మా అత్త మాత్రం నవ్వలేదు. పేడకుప్ప వైపు చూస్తోంది. "విత్తనాల పండుగ ఎన్నడు?"

"వచ్చే ఆదివారం."

మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. విత్తనాల పండుగకు మగవాళ్ళు విల్లులు పట్టుకుని వేటకు పోతారు. జంతువుతో తిరిగొస్తే పాటలు పాడతాం. ఉత్త చేతులతో వస్తే పొలిమేరలో ఆడవాళ్ళం పేడనీళ్ళు కుమ్మరిస్తాం, నోటికొచ్చినట్టు తిడతాం. ఎదురాడిన మగవాడు ఇంతవరకు లేడు. పేడనీళ్ళు పడ్డ విల్లు ఆ ఏడు మళ్ళీ పొలిమేర దాటకూడదు. ముందటేడు లచ్చు విల్లు అట్లాగే చూరులో పడి ఉంది.

"తుపాకిక్కూడ పనిచేస్తదా అత్తా?" అన్నాను.

"తుపాకికి ఎందుకే? పట్టుకున్నోడికి."

పండుగనాడే వస్తున్నారని మాకు ముందే కబురందింది. ఆదివారం మధ్యాహ్నం వచ్చారు. ముందు భూషణం మోటారు సైకిలు, వెనక ఖాకీ బట్టల్లో మా మగవాళ్ళు, భుజాన తుపాకులు. ఊళ్ళో తిని పడుకుని, తెల్లవారి గట్టుగూడెం ఎక్కాలని హుకుం. పొలిమేరలో నలభై మంది ఆడవాళ్ళం కుండలతో నిలబడి ఉన్నాం. కుండలు చూడగానే వాళ్ళ కాళ్ళు ఆగిపోయాయి.

భూషణం మాత్రం మురిసిపోయాడు. "స్వాగతమా? పసుపునీళ్ళా? బాగుంది. పదండిరా, మీ ఆడవాళ్ళు ఎదురొచ్చారు."

తప్పు అర్థం చేసుకున్నాడని నాకు తెలుసు. నోరు విప్పలేదు.

"పది దినాల వేట" అంది మా అత్త. "ఏం తెచ్చిన్రు? దుప్పా? కుందేలా?"

"ఉడత గూడ లేదత్తా" అంది లక్మే. "పాంట్లు తెచ్చిన్రు."

నవ్వులు లేచాయి. మగవాళ్ళు తలలు దించుకున్నారు. లచ్చు ఒక్కడే ముందుకొచ్చాడు. మనిషి సగమయ్యాడు. "అవ్వా, పోనియ్యి. మేం పోకుంటే మమ్మల్నే కాలుస్తరు."

బిడ్డను చంకన వేసుకుని ఎదురు నిలబడ్డాను. "రేపు గట్టు మీద మా అమ్మ తలుపు నువ్వే తన్నుతవా?"

అతని వేళ్ళు తుపాకి పట్టీ మీద బిగుసుకున్నాయి. నా పెనిమిటి చేతులు నాకు తెలుసు. ఆ చేతులు తెలియవు. ఒంటిచేత్తో కుండ ఎత్తి అతని నెత్తి మీద కుమ్మరించాను. పేడనీళ్ళు మొహం మీదుగా కారి తుపాకి గొట్టంలోకి పోయాయి. రెండు క్షణాలు అతను అట్లాగే నిలబడ్డాడు. తరువాత చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు అతని మెడ వంచింది. తుపాకి తీసి నేల మీద పెట్టాడు. బిడ్డ నాన్నను గుర్తుపట్టి చేతులు చాపింది.

మిగతా కుండలూ ఒలికాయి. లచ్చుదీ కలిపి, ఒకదాని తరువాత ఒకటి, పదహారు తుపాకులు దుమ్ములో పడ్డాయి. సోమారు మాత్రం వెనక్కి నడిచి భూషణం పక్కన నిలబడ్డాడు. లక్మే అతన్ని చాలాసేపు చూసింది. ఆమె కుండ నిండుగానే మిగిలిపోయింది.

మర్నాడు గట్టుగూడెం మీదికి ఎవరూ ఎక్కలేదు. ఆ ఒక్క రోజు చాలింది. కబురందిన మా పుట్టినూరివాళ్ళు పిల్లల్నీ విత్తనాల్నీ మోసుకుని గుట్ట అవతలికి దిగిపోయారు. ఆ సాయంత్రమే మా ఊరికి నాలుగు జీపులొచ్చాయి. లచ్చునీ మిగతా పదిహేను మందినీ ఎటు తీసుకుపోయారో ఇది రాసేనాటికీ తెలియదు. మా అత్తనూ నన్నూ ఠాణాకు తెచ్చారు. ఊరి ఆడవాళ్ళంతా వెనకే నడిచొచ్చి కిటికీ బయట కూర్చున్నారు.

"చదువుకున్నదానివట. చదువుకుని సంతకం పెట్టు" అని ఠాణా సాహెబు ఒక కాగితం తోశాడు.

ఈసారి కూడబలుక్కుంటూ, మాట మాటకూ ఆగి, కిటికీ వైపు తిరిగి గట్టిగా చదివాను. మా మీద పెట్టిన కేసు అది. పదహారు "శాస్‌కీయ హథియార్" దగ్గర ఆగిపోయాను. శాస్‌కీయ అంటే సర్కారువి, హథియార్ అంటే ఆయుధం. కాగితం నిండా వెతికాను. ఔజార్ అన్న మాట ఎక్కడా లేదు.

"ఇచ్చిన్నాడు ఔజార్ అని రాసిన్రు. కేసు పెట్టిన్నాడు హథియార్ అని రాసిన్రు" అని చెప్పాను.

గనుల్లో పనిచేసే అన్నలారా, బళ్ళో కూర్చున్న పిల్లలారా, మీ ఊరికీ కాగితం వస్తుంది. చదివింది చాలనుకోకండి. తెచ్చినవాడి మొహం కూడా చూడండి.

"కుండ పట్టిందెవరు? పేర్లు చెప్పు" అన్నాడు సాహెబు.

మా అత్త అడక్కుండానే ఇంకు దిండు మీద వేలు అద్ది ముద్ర వేసింది. బయట ఉన్న లక్మే లేచి లోపలికొచ్చింది. ఆమె ఎవరి మీదా చుక్క నీరు పోయలేదు. "రాస్కో, నేను గూడ" అని వేలు చాపింది. ఆమె వెనక వరస కట్టారు. సగం మంది కాకముందే ఇంకు దిండు ఎండిపోయింది. మిగిలినవాళ్ళు ఎండిన దిండు మీదే వేలు నొక్కి, కాగితం మీద పెట్టారు.

మాలో అయిదుగురిని జైలుకు పంపారు. జీపులో లక్మే నా పక్కనే కూర్చుంది. బిడ్డ పాలు తాగుతోంది. జగర్గుండా దారి చీలే చోట మాకు ఒక లారీ ఎదురొచ్చింది. టార్పాలిను కింద అవే చెక్కపెట్టెలు. అది ఏ ఊరికి పోతుందోనని మా అత్త మెడ తిప్పి చూసింది.

తరువాతి పల్లె దగ్గర జీపు వేగం తగ్గింది. రోడ్డుకు ఇరుపక్కలా ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు, చేతుల్లో పేడనీళ్ళ కుండలు. వాళ్ళ విత్తనాల పండుగ కిందటి వారమే అయిపోయింది.