లోడు బండి, వాపస్

మంగళవారం ఉదయం 7 గంటల 40 నిమిషాలకు, కణేకల్–రాయదుర్గం రోడ్డు మీద, రెండో కల్వర్టు దగ్గర, ఇసుక లారీ ఒకటి పీరాసాబ్ సైకిల్‌ను వెనుక నుంచి గుద్దింది. పీరాసాబ్‌ది హగరిదొడ్డి. వయసు యాభై మూడు. సైకిల్ క్యారియర్ మీద నలభై జీన్స్ ప్యాంట్ల మూట ఉంది. లారీ చక్రం అతని కుడికాలి మీదుగా పోయింది. బుధవారం అనంతపురం ఆసుపత్రిలో మోకాలి కింద కాలు తీసేశారు.

పీరాసాబ్ ఇరవై రెండేళ్లుగా ఒకటే పని చేస్తున్నాడు. రాయదుర్గంలోని కుట్టు యూనిట్ నుంచి ప్యాంట్లు ఊరికి తెస్తాడు. అతని భార్య గౌస్‌బీ, మరో ఆరుగురు ఆడవాళ్లు కుట్ల దగ్గర మిగిలిన దారాలు కత్తిరించి, మడతపెట్టి, మూట కడతారు. మరునాడు ఎనిమిదిన్నరకు మూట యూనిట్‌లో ఉండాలి.

ఆ మంగళవారం దాకా అతను ఎప్పుడూ రోడ్డు మీద వెళ్లలేదు. హగరి ఒడ్డు వెంట ఏడు కిలోమీటర్లు, ఆ తర్వాత చిట్టడవిలో ఐదు కిలోమీటర్లు ఒక దావ ఉంది. ఎద్దుల బండ్లు నడిచి పడిన దావ. రెండేళ్ల కిందట ఎండాకాలంలో కరువు పని కింద దాని మీద కంకర పరిచారు. హగరిదొడ్డి నుంచి ముప్పై మంది పనికి వెళ్లారు. పీరాసాబ్ గడ్డపార పట్టాడు. గౌస్‌బీ గంప మోసింది.

ఈ జనవరిలో దావకు రెండు చివరలా గేట్లు వచ్చాయి. బోర్డు కూడా వచ్చింది. "హగరి సైకిల్ పథం. ట్రాఫిక్ లేని పన్నెండు కిలోమీటర్లు. సైకిళ్లకు మాత్రమే." దాని కింద చిన్న అక్షరాల్లో, "లోడు ఉన్న బండ్లకు ప్రవేశం లేదు." నడిపేది ఒక ప్రైవేటు సంస్థ. శని, ఆదివారాల్లో బెంగళూరు నుంచి వచ్చేవాళ్లు కార్ల మీద సైకిళ్లు కట్టుకొని వస్తారు. నదిలో నీళ్లు లేకపోయినా ఇసుకను ఫొటోలు తీసుకుంటారు.

ఊరి వైపు గేటుకు ఓబులేష్ వాచ్‌మన్. అదే ఊరివాడు, పదో తరగతి చదివాడు. పీరాసాబ్‌ను మామా అని, గౌస్‌బీని అత్తా అని పిలుస్తాడు. మూడు నెలల పాటు పీరాసాబ్‌ను రోజూ పొద్దున్నే లోపలికి వదిలాడు. ఏప్రిల్‌లో బెంగళూరు నుంచి వచ్చిన ఒకాయన దావలో మూటను ఫొటో తీసి ఇంటర్నెట్‌లో పెట్టాడు. "ట్రాఫిక్ లేదన్నారు. సరుకు రవాణా జరుగుతోంది" అని రాశాడు. ఆ సోమవారం రాత్రి సంస్థ మేనేజరు ఓబులేష్‌కు ఫోన్ చేశాడు. ఇంకోసారి మూట కనిపిస్తే నువ్వు కనిపించవు అన్నాడు.

మంగళవారం పొద్దున గేటు దగ్గర జరిగిన మాటలు ఇద్దరూ ఒకే రకంగా చెప్పారు.

"ఈ పొద్దు వద్దు మామా, రోడ్డు మీద పో. మేనేజరు వస్తాండాడు."

"వస్తే రానీ. నేనేమన్నా ఆయప్ప మంచమ్మీద పండుకుంటాండానా?"

"మూట ఉండాది కదా. మూటుంటే బండి కింద లెక్కంట."

"నాకు పొట్ట కూడా ఉండాది. దాన్ని ఇంటికాడ దించి రావాల్నా?"

ఓబులేష్ నవ్వాడు. గేటు తీయలేదు. పీరాసాబ్ ఐదు నిమిషాలు నిలబడి రోడ్డెక్కాడు. రోడ్డు మీద రాయదుర్గానికి పద్దెనిమిది కిలోమీటర్లు.

గురువారం గౌస్‌బీ, కూతురు షాహిదాతో కలిసి పోలీస్ స్టేషన్‌కు వెళ్లింది. హెడ్ కానిస్టేబుల్ ఎఫ్‌ఐఆర్ నకలు ఇచ్చాడు. గౌస్‌బీకి చదువు రాదు. షాహిదా చదివింది. "సైకిళ్ల కొరకు ప్రత్యేక మార్గం ఉన్నప్పటికీ దానిని ఉపయోగించక, సైకిలిస్టు నిర్లక్ష్యముగా ప్రధాన రహదారిపైకి వచ్చినందున ప్రమాదం జరిగినది."

"ఇంగోసారి చదువు" అంది గౌస్‌బీ.

షాహిదా మళ్లీ చదివింది.

"అంటే తప్పు మీ నాయనదే అంటాండారా?"

"అట్లనే ఉండాదిమా."

లారీ డ్రైవరును మంగళవారం సాయంత్రమే ఇంటికి పంపారు. గౌస్‌బీ కాగితాన్ని బల్ల మీద పెట్టింది.

"ఈ మాట కొట్టేయండి సార్."

"ఆ దారి ఉండేది నిజమే కదమ్మా" అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "లారీ లేదు, బస్సు లేదు. అందులో పోయుంటే కాలుండేది."

"పోయినాడు. పోనియ్యలేదు."

"ఎవరు పోనియ్యలేదు? రుజువు తీసుకొని రా."

రుజువు గేటు దగ్గరే ఉంది. ఓబులేష్ గేటుకు వచ్చిన ప్రతి సైకిల్‌నూ రిజిస్టరులో రాస్తాడు. శుక్రవారం ఉదయం తల్లీకూతుళ్లు గేటుకు వెళ్లారు. రిజిస్టరు కుర్చీ మీద ఉంది. షాహిదా మంగళవారం పేజీ తీసింది. మొదటి వరుసలో "6.50. లోడు బండి 1. వాపస్" అని ఉంది.

గౌస్‌బీ ఓబులేష్ వైపు తిరిగింది.

"బండి యాడిదిరా?"

అతను బోర్డు వైపు చూశాడు.

"బండన్నాక ఎద్దులుండల్ల కదా. ఎద్దులేవి? మీ మామేనా ఎద్దు?"

"సైకిల్ అని రాస్తే, సైకిల్‌ను ఎందుకు ఆపినావంటారు అత్తా. బోర్డులో సైకిళ్లకే అని ఉండాది."

"సైకిలని నీకు తెలుసు."

"తెలుసు."

"ఆ మాట స్టేషన్‌కు వచ్చి చెప్పు."

"కొలువు పోతాది అత్తా."

"కొలువు పోతే ఇంగోటి దొరుకుతాది. మీ మామకు ఇంగో కాలు యాడ దొరుకుతాదో చెప్పు, పోయి తెచ్చుకుంటా."

ఓబులేష్ రిజిస్టరు మూశాడు. అప్పటికే షాహిదా ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసింది.

మధ్యాహ్నం హెడ్ కానిస్టేబుల్ ఆ ఫొటోను పెద్దది చేసి చూశాడు.

"ఇందులో లోడు బండి అని ఉండాది. మీది సైకిల్ కదమ్మా. ఇది వేరే ఎవరిదో."

స్టేషన్ వరండాలో పీరాసాబ్ సైకిల్ గోడకు ఆనించి ఉంది. వెనుక చక్రం వంగింది. హ్యాండిల్‌కు ఒక అట్టముక్క కట్టి ఉంది. దాని మీద నేరం నంబరు, కింద "సైకిల్ 1" అని రాసి ఉంది. గౌస్‌బీ వెళ్లి అట్టముక్క పట్టుకుంది. అక్కడి నుంచే మాట్లాడింది. స్టేషన్‌లో ఉన్న అందరికీ వినిపించింది.

"గేటుకాడ ఇది బండి. రోడ్డు మీదికి వస్తే సైకిల్. బండి అని లోపలికి పోనియ్యకపోతిరి. సైకిల్ అని రోడ్డు మీదికి ఎందుకొచ్చినావంటిరి. సైకిలైతే గేటు తీయల్ల. బండైతే రోడ్డు మీద పోవచ్చు. రెండిట్లో ఏదో ఒకటి రాయండి సార్. ఏది రాసినా ఒప్పుకుంటా. రెండూ రాయొద్దండి."

హెడ్ కానిస్టేబుల్ పెన్ను మూత పెట్టాడు.

"ఆ వాచ్‌మన్‌ను పిలుచుకొని రా. నోటితో చెప్తే రాసుకుంటా."

"నేను పిలిస్తే రాడు. కొలువు కావాలంట."

"అయితే నేనేం చేసేదమ్మా?"

"ఆ దావలో కంకర మోసింది నేను. నా గంపను కూడా లోడని రాసుకోండి" అని గౌస్‌బీ బయటికి వచ్చింది.

ఆ సాయంత్రం ఓబులేష్ ఆసుపత్రికి ఫోన్ చేశాడు. పీరాసాబ్ ఎత్తాడు.

"ఎట్లుండావు మామా?"

"బాగుండానప్పా. బరువు తగ్గినా. ఇప్పుడన్నా గేటు తీస్తావా?"

ఓబులేష్ ఫోన్ పెట్టేయలేదు.

"బండి అని రాసినావంట కదా" అన్నాడు పీరాసాబ్. "మీ నాయనకు సైకిల్ తొక్కేది నేర్పింది నేను. నేనేం నేర్పిచ్చినానో ఆయప్పను అడుగు. బండి తోలేదా, సైకిల్ తొక్కేదా."

పీరాసాబే ఫోన్ పెట్టేశాడు.

శనివారం పదకొండు గంటలకు ఓబులేష్ స్టేషన్‌కు వచ్చాడు. గేటు రిజిస్టరు కూడా తెచ్చాడు. గౌస్‌బీ వరండాలో కూర్చొని ఉంది. ఆమెతో మాట్లాడకుండా లోపలికి వెళ్లాడు.

"మంగళవారం వచ్చింది ఏమి?" అని హెడ్ కానిస్టేబుల్ అడిగాడు.

"సైకిల్ సార్."

"నడిపింది ఎవరు?"

"పీరాసాబ్ మామ. నేనే ఆపినా. రోడ్డు మీద పొమ్మని చెప్పింది నేనే."

"బండి అని రాసింది కూడా నువ్వే కదా. ఎందుకు రాసినావు?"

"సైకిల్ అని రాసి వాపస్ అని రాసేదానికి చెయ్యి రాలేదు సార్."

వాంగ్మూలం పదకొండు నలభైకి ముగిసింది. ఓబులేష్ సంతకం చేశాడు. హెడ్ కానిస్టేబుల్ దాన్ని ఫైలులో చేర్చాడు. ఎఫ్‌ఐఆర్‌లోని వాక్యం కొట్టేశారా అని గౌస్‌బీ అడిగింది.

"దాన్ని కొట్టేసే అధికారం నాకు లేదమ్మా. ఇది పైకి పంపుతా. వాళ్లు చూస్తారు."

"చూసేదాకా రెండూ ఉంటాయా?"

"ఉంటాయి."

ఆదివారం ఉదయం తొమ్మిదికి సంస్థ మేనేజరు ఓబులేష్ దగ్గర గుర్తింపు కార్డు, గేటు తాళం, రిజిస్టరు తీసుకున్నాడు. ఆ రోజు గేటు గుండా యాభై నాలుగు సైకిళ్లు వెళ్లాయి.

సోమవారం నాటికి, రోడ్డు మీద పడిన నలభై ప్యాంట్లను దులిపి మళ్లీ కట్టిన మూట హగరిదొడ్డిలో సిద్ధంగా ఉంది. తీసుకెళ్లేవాళ్లు లేరు. ఓబులేష్ గౌస్‌బీ ఇంటికి వచ్చి, మూటను తన సైకిల్ క్యారియర్‌కు కట్టాడు. నాలుగు నెలల పాటు రోజూ డ్యూటీకి గేటు లోపలికి తీసుకెళ్లిన సైకిల్ అది.

ఆరు గంటల యాభై నిమిషాలకు గేటు దగ్గరికి చేరాడు. కొత్త వాచ్‌మన్ మూటను చూశాడు. గేటు తీయలేదు. రిజిస్టరు తెరిచి, లోడు బండి 1, వాపస్ అని రాశాడు.

ఓబులేష్ సైకిల్‌ను రోడ్డు వైపు తిప్పాడు.