తువ్వాలు కింద ఎత్తు

ప్రొద్దుటూరు చదరంగం గదిలో పీర్ సాహెబ్‌ది ముప్పై ఏళ్ల కుర్చీ. ఇప్పుడు ఆ గదికే ఎసరొచ్చింది. భవనం యజమాని నరేష్ అందులో కంప్యూటర్ కోచింగ్ పెడతానన్నాడు. "సరే సాహెబ్, ఇంకో ఇద్దర్ని కలుపుకొని నా ల్యాప్‌టాప్‌తో చదరంగం ఆడి డ్రా చేసుకోండి చాలు. గది మీదే" అన్నాడు నవ్వుతూ.

సాహెబ్ జమ్మలమడుగు నుంచి లెక్కల టీచరు రషీదాను, పులివెందుల నుంచి ఎద్దుల వ్యాపారి ఆదినారాయణను పిలిపించాడు. ఇద్దరూ ఆటలో ఘటికులే. మూడు తలలు కలిస్తే తలమానికమనుకున్నాడు, తలనొప్పి అయింది. పెద్దాయన ఏ పావు ముట్టుకున్నా మిగతా ఇద్దరూ "బాగుంది" అనడమే. పన్నెండో ఎత్తుకే గుర్రం ఎగిరిపోయింది.

"గుర్రం పోతాదని నీకు తెల్సా?" అన్నాడు సాహెబ్ రషీదాతో.

"తెల్సు చిచ్చా."

"మరి నోట్లో ఏం పెట్టుకున్యావు?"

"మర్యాద."

సాహెబ్‌కు చెవులు వేడెక్కాయి. మర్యాద తెలియని యంత్రం ఎత్తులు వేస్తోంది, మర్యాదస్తులు చేతులెత్తేస్తున్నారు.

ఆదినారాయణ భుజమ్మీది తువ్వాలు తీసి బల్ల అంచున కప్పాడు. "సంతలో ఎద్దు బేరం ఎట్ల చేస్తామప్పా? గుడ్డ కింద వేళ్లు నొక్కి. మొగమ్మీద చెప్పలేంది వేలితో చెప్పొచ్చు. ఒక వేలంటే దాడి. రెండంటే తలుపులు మూసి కాచుకునేది. ఇద్దరు ఏది నొక్కితే అదే."

ముగ్గురి చేతులూ తువ్వాలు కిందికి వెళ్లాయి. సాహెబ్ ఒక వేలు నొక్కాడు. ఎదురుగా రెండు వేళ్లు. పక్కనుంచీ రెండు వేళ్లు. ముప్పై ఏళ్లలో ఆయన ఎత్తును కాదన్నవాళ్లు లేరు. రషీదా కిటికీలోంచి బయటికి చూస్తోంది. బోర్డు మీద లేని గుర్రం ఆయన గుండెల్లో దౌడు తీసింది.

సాహెబ్ బంటును ముందుకు తోశాడు. బంట్ల గోడ అటునుంచి ఇటు మూసుకుపోయింది.

యంత్రం ఏనుగును అటు తిప్పింది, ఇటు తిప్పింది. సందు దొరకలేదు. ఆట చూడను కిటికీల దగ్గర మూగిన జనం మెడలు సాచారు.

"గెలుపు నాదేనని చూపిస్తాందే ఇది" అన్నాడు నరేష్ తెర చూస్తూ.

"చూపిస్తాది. లోపలికొచ్చి చూపించమను" అన్నాడు ఆదినారాయణ.

అదే స్థితి రెండోసారి. మూడోసారి. మూడుసార్లు ఒకటే వస్తే డ్రా. గది మారుమోగింది. నరేష్ చెయ్యి చాచాడు. "గది మీదే సాహెబ్."

సాహెబ్ రషీదా వైపు తిరిగాడు. "నేను చెప్పిన దాడి చేసింటే?"

ఈసారి ఆమె సూటిగా చూసింది. "ఓడిపోయింటిమి చిచ్చా."

"శానా అన్యాయంగా" అన్నాడు ఆదినారాయణ.

సాహెబ్ అప్పటికే పావులు మళ్లీ పేరుస్తున్నాడు. "నరేషూ, ఆ ల్యాప్‌టాప్ మూయొద్దప్పా" అన్నాడు.