కంటిలోని కుట్టు

ఆ ఉదయం ఆకాశానికి మంచు పట్టిందనుకున్నాడు అతను. దుకాణంలో తన బల్ల ముందు కూర్చుని, చిరిగిన కోటును కిటికీ వైపు తిప్పాడు. చిరుగు ఎక్కడుందో తెలియలేదు. మంచు ఎప్పటికి విడుతుందని, ఇస్త్రీ చేస్తున్న అక్కను అడిగాడు.

"మంచేంట్రా? ఎండ మాడ్చేస్తుంటే."

అతను కోటు మడిచాడు. చిరుగు ఆనవాలు దొరక్కుండా, బట్టలోంచే లాగిన పోగులతో నేసి పూడ్చడం అతని పని. చిన్నప్పటి నుంచీ కళ్ళు నులుముకునే అలవాటు. పెరిగేకొద్దీ రెండు నల్లగుడ్ల మీది పొర పలచబడి మొనదేలింది. ఒక దీపం నాలుగుగా కనబడేది. కుడికంటికి గట్టి లెన్సు పెట్టుకున్నా పోగుకు పక్కనే ఇంకో పోగు కనబడుతుంది. ఎడమకంటికి పోయినేడు, చనిపోయిన వారెవరిదో పొర తెచ్చి, వెంట్రుకకన్నా సన్నని దారంతో చుట్టూ కుట్టారు. ఆ కుట్లను అద్దంలో చూసుకుని, ఎవరిదోగాని మంచి చెయ్యి అని మురిసిపోయాడు.

పెళ్ళి లేదు, స్నేహితులు లేరు. కంట్లోకి పొరగా వచ్చినవాణ్ణి 'అద్దెకున్నాయన' అనేవాడు. పడుకునే ముందు చుక్కలు వేసుకుంటూ ఆయనతో రెండు మాటలు చెప్పుకునేవాడు. మీవాడు అద్దె ఎప్పుడిస్తాడట్రా అని అక్క దెప్పేది.

పోయిన వారం ఆ కంట్లో ఇసుక పడ్డట్టు గుచ్చుకుంది. చూస్తే ఒక కుట్టు తెగి, కొస పైకి లేచి ఉంది. కుట్టు వదులైతే ముట్టుకోకుండా పరుగెత్తుకు రమ్మని డాక్టరమ్మ ముందే చెప్పింది. కానీ లేచిన పోగును చూసి ఊరుకున్న చెయ్యి కాదది. పట్టకారుతో అందుకుని లాగేశాడు. హాయిగా అనిపించింది. మర్నాటికి కన్ను ఎర్రబడితే దుమ్ము పడిందని అక్కతో అన్నాడు.

"అక్కా, దారం నేనే లాగేశాను," అన్నాడు ఇప్పుడు, మడిచిన కోటు పక్కన పెట్టి.

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి, దుకాణానికి తాళం వేసింది.

డాక్టరమ్మ దీపం పెట్టి చాలాసేపు చూసింది. కుట్టు ఊడిన సందులోంచి క్రిమి చేరిందనీ, వేసిన పొరను ఒళ్ళు పరాయిదని తోసేస్తోందనీ చెప్పింది. మందులు వేద్దాం గాని ఈ పొర మీద ఆశ పెట్టుకోవద్దంది. మళ్ళీ వేసినా అది నిలవడం ఇంకా కష్టమట.

"వేలాడుతుంటే ఎలా వదిలేస్తాం డాక్టరమ్మా? బట్టకైతే..."

"బట్టకి ప్రాణం ఉండదు కదయ్యా," అందామె, కోపం లేకుండా.

మళ్ళీ సూది పట్టగలనా అని అడుగుదామనుకుని, అడగలేదు.

దారిలో అక్క మోచెయ్యి పట్టుకుని నడిచాడు. మలుపు దగ్గర, "ఆయన వెళ్ళిపోయాడక్కా," అన్నాడు. ఎవరని ఆమె అడగలేదు. దెప్పనూ లేదు.

ఇంట్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. అతను చెంబు వంచితే నీళ్ళు గ్లాసు పక్కన పడ్డాయి. ఆమె తలెత్తకుండానే గ్లాసును ధార కిందికి జరిపింది. ఇద్దరూ చేతులు కడుక్కోవడానికి లేచారు. గ్లాసు అక్కడే ఉంది, అంచు దాకా నిండి, ఎవరూ తాగక.